వేటకుక్కల చలిమంట

1388 నవంబరు నెలాఖరున పిరెనీ కొండల కింద ఉన్న ఓర్తెజ్ పట్టణానికి ఓ చరిత్రకారుడు గుర్రమెక్కి వచ్చాడు. పేరు జాఁ ఫ్రువాసార్. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య నడుస్తున్న నూరేళ్ల యుద్ధం కబుర్లు పోగేసుకోవడం ఆయన పని. పెద్దవాళ్ల ఇంటికి వట్టి చేతులతో వెళ్లకూడదు కదా, అక్కడి దొర కోసం నాలుగు వేటకుక్కల్ని వెంటబెట్టుకొచ్చాడు. తీరా చూస్తే ఆ దొర దగ్గర అప్పటికే పదహారు వందల దాకా కుక్కలున్నాయి. ఈ లెక్క కూడా ఫ్రువాసార్ రాసిందే. తిరుపతికి లడ్డూలు మూటగట్టుకుని వెళ్లినట్టయింది ఆయన సంగతి.

ఆ దొర ఫ్వా కౌంటు, బెయార్న్ ప్రభువు, మూడో గాస్తోన్. 1331లో పుట్టాడు. జుట్టు బంగారు రంగులో మెరిసేదట, తనకు తానే సూర్యదేవుడి పేరు తగిలించుకుని గాస్తోన్ ఫెబ్యూస్ అయ్యాడు. ఇద్దరు రాజులు కొట్టుకుంటుంటే మధ్యలో తన బెయార్న్ ఎవరికీ తలవంచకుండా నెట్టుకొచ్చిన గడుసువాడు. రాత్రి భోజనం అర్ధరాత్రి, దివిటీల వెలుగులో. ఆ వేళప్పుడే ఫ్రువాసార్ తన కావ్యం చదివి వినిపించేవాడు. వినేవాడికి నిద్ర రాకపోయినా చదివేవాడికి వచ్చి ఉంటుంది.

అప్పటికి ఫెబ్యూస్ కూడా ఓ పుస్తకం పనిలో ఉన్నాడు. 1387 మే 1న మొదలుపెట్టి, తాను చెబుతూ రాయించిన ‘వేట గ్రంథం’ అది. తనకు జన్మలో ఇష్టమైనవి మూడే, కత్తి, ప్రేమ, వేట అని ముందుమాటలో చెప్పుకున్నాడు. మొదటి రెండింట్లో తనను మించినవాళ్లు ఉన్నారని ఒప్పుకున్నాడు. మూడోదాంట్లో మాత్రం ఒప్పుకోలేదు. బర్గండీ డ్యూకు ఫిలిప్‌కు అంకితమిచ్చిన ఆ పుస్తకానికి చేతిరాత ప్రతులు నలభై పైచిలుకు మిగిలాయి. పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఒక ప్రతి, పదిహేనో శతాబ్దం తొలి ఏళ్లలో తయారైనది, 87 బొమ్మలతో కన్ను తిప్పుకోనివ్వదు. బంగారు పూత నేపథ్యాలు, దుప్పులు, ఎలుగులు, ఈటెలు పట్టుకున్న దొరలు. అందరూ ఈ పుస్తకాన్ని ఆ బొమ్మల కోసమే తిరగేస్తారు. నేను మాత్రం కుక్కల ఇంటి దగ్గర ఆగిపోయాను. వేటగాడిగా ఫెబ్యూస్ ఎంత గొప్పవాడో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కుక్కకు ఏం కావాలో ఇంత వివరంగా కూర్చుని చెప్పించిన పాలకుడు మాత్రం ఆ కాలంలో అరుదు.

ఇల్లు కట్టించే మేస్త్రీలాగా కొలతలతో మొదలుపెడతాడు. పది త్వాజుల పొడవు, ఐదు వెడల్పు. త్వాజు అంటే మన బార కంటే పిసరంత ఎక్కువ. అడుగుల్లో చెప్పాలంటే దాదాపు 64కు 32. ముందొక తలుపు, వెనకొక తలుపు. వెనకవైపు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ తగిలే పచ్చిక పెరడు, చుట్టూ గోడో దడో. ఆ వెనక తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. కుక్కకు బుద్ధిపుట్టినప్పుడు ఎండలోకి పోవాలి, బుద్ధిపుట్టినప్పుడు లోపలికి రావాలి. పైన అటక ఉంటే చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటుంది. మురుగు పోవడానికి కాలువ తీయాలి. పడుకునే గడ్డి రోజూ మార్చాలి, తాగే నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చాలి. మగకుక్కలు కనబడ్డ గోడకల్లా కాలెత్తకుండా గడ్డి చుట్టిన గుంజలు పాతించాలి. మనిషికే మరుగుదొడ్డి సరిగ్గా లేని కాలంలో కుక్కకు ఈ ఏర్పాటు!

వీటన్నిటికంటే నన్ను ఆపింది ఆ ఇంట్లోని పొయ్యి. పొగ బయటికి పోయేలా గొట్టం కట్టిన పొయ్యి. వంటకు కాదు. చలికి వణికినప్పుడు, వానలో నానినప్పుడు, ఏరు ఈది వచ్చినప్పుడు కుక్కలు ఒళ్లు కాచుకోవడానికి. మా ఊళ్లో కార్తీకం ముసురులో తడిసొచ్చిన కుక్క ఎవరూ చూడకుండా వంటింట్లోకి దూరి, ఆరిన పొయ్యిలో బూడిద మీద ముడుచుకుని పడుకునేది. పొద్దున్నే మా నాయనమ్మ చీపురు తీసుకునేది. కుక్కకు కావలసింది ఆ బూడిదలోని గోరువెచ్చదనమే. దాన్ని ఇంటి ప్లానులోనే గీయించినవాడు ఫెబ్యూస్.

ఎందుకు గీయించాడో బెయార్న్ పటం చూస్తే తెలుస్తుంది. పిరెనీ కొండల మంచు కరిగి వచ్చే ఏర్లు ఆ నేలంతా పరుచుకుని ఉంటాయి. ఓర్తెజ్ పట్టణం కూడా అలాంటి ఏటి ఒడ్డునే ఉంది. గంటలకొద్దీ తరుముతుంటే అలిసిన దుప్పి చివరికి నీళ్లలో దూకుతుంది. ఒంటి వేడి తగ్గుతుందనీ, వాసన తెగిపోతుందనీ. దాని వెనకే కుక్కలూ దూకుతాయి. పైగా అడవిపంది వేట చలికాలంలోనే. ఆ రోజుల్లో పొద్దుగూకే వేళకు తడి బొచ్చుతో, బురద కాళ్లతో తిరిగొచ్చిన కుక్క వట్టి నేల మీద పడుకుంటే మర్నాడు లేవడం కష్టం.

ఈ ఎరుక ఫెబ్యూస్‌తో పుట్టిందేమీ కాదు. ఆయనకంటే పదిహేడు శతాబ్దాల ముందు గ్రీకు రచయిత జెనొఫోన్ మంచు పడ్డప్పుడు కుక్కల్ని కుందేటి వేటకు తీసుకెళ్లొద్దన్నాడు. మంచు వాటి ముక్కుల్నీ కాళ్లనూ కాల్చేస్తుందన్నాడు. కుక్కల పేర్లు పొట్టిగా, పిలవడానికి వీలుగా ఉండాలని చెప్పి 47 పేర్లు కూడా రాసిచ్చాడు. రోమన్ల కాలంలో అర్రియన్ అనే సేనాని ఇంకో అడుగు ముందుకేశాడు. కుక్కకు మెత్తటి, వెచ్చటి పక్క కావాలి, మనిషి పక్కన పడుకోబెట్టుకుంటే అంతకంటే మంచిది లేదు అన్నాడు. ఆయన ముద్దుగా పెంచుకున్న కుక్క పేరు హోర్మే. మన ప్రబంధ కవులకూ వేటంటే మోజే. పెద్దన స్వరోచిని వేటకు పంపాడు, ధూర్జటి తిన్నణ్ని పంపాడు. నాకు గుర్తున్నంతలో, వేట ముగిశాక కుక్కలు ఎక్కడ పడుకున్నాయో మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

తిరిగొచ్చిన కుక్క కాళ్లు చూడటం ముందు పని. రాతి నేల మీద పరిగెత్తితే అరికాళ్లు చీరుకుపోతాయి. ఉప్పునీళ్లతో కడగమంటాడు ఫెబ్యూస్. పుండు పడితే గుడ్డు తెల్లసొనను పులిసిన ద్రాక్షరసంతో కలిపి పట్టించమంటాడు. పారిస్ ప్రతిలో వీటికి ఓ బొమ్మ ఉంది. దాని ముందు ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఒకడు కుక్క కాలు గిన్నెలో పెట్టి కడుగుతున్నాడు, ఇంకొకడు చెవిలోకి తొంగిచూస్తున్నాడు. కుక్కలు కూడా మన ఆసుపత్రి వరండాలో వరసకోసం కూర్చున్నవాళ్ల మొహాలు పెట్టుకున్నాయి.

అడవిపంది కోర తగిలిన కుక్కకు కాళ్లు కడిగితే సరిపోదు. పొట్ట చీలిపోతుంది, దారం సూది పట్టాల్సిందే. పంది వేటలో ఒక్కపూటలో పది కుక్కలు పోగొట్టుకున్నా ఆశ్చర్యం లేదు. తర్వాతి శతాబ్దాల్లో జర్మన్ దొరలు కుక్కలకు దూది కుక్కిన మందపాటి కోట్లు కుట్టించి, వాటిలో తిమింగలం దవడ పట్టీలు పెట్టించి పందుల మీదికి వదిలారు. అలాంటి కోట్లు కోబుర్గ్ కోటలో ఇప్పటికీ ఉన్నాయి. అయితే అవి తలా ఒకటి కుట్టించిన కోట్లని అనుకోకండి, ఖరీదైన పెద్ద కుక్కలకే ఆ భాగ్యం. ముందు వరసలో పోయే నాటు కుక్కలకు ఏమీ ఉండేది కాదు.

ఫెబ్యూస్ చేతులెత్తేసిన చోటు ఒకటే, పిచ్చి. రేబీస్‌ను తొమ్మిది రకాలుగా విడగొట్టాడు. కరిపించుకున్నవాణ్ని సముద్రానికి తీసుకెళ్లి తొమ్మిది అలలు వాడి మీదుగా పోనిచ్చే ఆచారాన్ని ప్రస్తావించి, దానివల్ల ఒరిగేది కొంచెమేనని చెప్పాడు. పద్నాలుగో శతాబ్దంలో ఆ మాత్రం అనుమానం కూడా గొప్పే. అసలు మందు కోసం జనం 1885 జులై 6 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు పాశ్చర్ టీకా వేయించుకున్నది తొమ్మిదేళ్ల పిల్లవాడు.

పిల్లవాడి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కుక్కలింట్లో పొయ్యి ఎవరు రాజేస్తారు? గడ్డి ఎవరు మారుస్తారు? అర్ధరాత్రి రెండు కుక్కలు పీకలు పట్టుకుంటే ఎవరు విడదీస్తారు? దీనికి ఫెబ్యూస్ దగ్గర జవాబుంది. ఏడేళ్ల కుర్రాణ్ని పెట్టుకోవాలి. రాత్రీ పగలూ కుక్కలింట్లో ఎవరో ఒక పిల్లవాడు ఉండి తీరాలి, వాటి మధ్యే పడుకోవాలి. పొద్దున్నే ఊడ్చి, కుక్కల ఒళ్లు గడ్డిపోచలతో రుద్ది, దువ్వి, రోజుకు రెండుసార్లు బయట తిప్పాలి. ఖాళీగా కూర్చోకూడదు, గుర్రపు తోక వెంట్రుకలతో కుక్కల్ని జంటగా కట్టే తాళ్లు పేనాలి. జనపనార కంటే, ఉన్ని కంటే ఆ తాడు మేలట. మరిచిపోతే దెబ్బలు తప్పవు, భయం పట్టుకునేదాకా కొట్టమనే పుస్తకం చెబుతుంది. పద్నాలుగేళ్లు వస్తే ఓ మెట్టు, ఇరవై వస్తే ఇంకో మెట్టు. ఆ తర్వాతే వేటగాడు.

కుక్కకు పొయ్యి వెచ్చదనం ఉంటే కుర్రాడికీ ఉన్నట్టే కదా అంటారేమో. నిజమే, బయట పశువుల కొట్టంలో పడుకునేవాడికంటే వాడి పని నయం. కానీ ఆ పుస్తకంలో పొయ్యి కట్టింది వాడి కోసం కాదు. వాడు నిద్ర చెడగొట్టుకుంటేనే కుక్కలకు నిద్ర.

పిల్లల విషయంలో ఫెబ్యూస్ చేయి ఎంత బరువో ఆయన ఇంట్లోనే తేలింది. భార్య ఆగ్నెస్ పుట్టింట్లో, నవార్ రాజు దగ్గరే ఉండిపోయింది. ఒక్కగానొక్క వారసుడు, వాడి పేరు కూడా గాస్తోనే, తల్లిని చూడటానికి వెళ్లినప్పుడు మేనమామైన ఆ రాజు చిన్న పొడి సంచి ఇచ్చాడు. తండ్రి తిండిలో చల్లితే అమ్మానాన్నా కలిసిపోతారని నమ్మించాడు. సంచి బయటపడింది. ఫెబ్యూస్ ఆ పొడిని రొట్టె మీద చల్లి కుక్కకు పెట్టాడు, కుక్క అక్కడికక్కడే చచ్చింది. కొడుకును చీకటి గదిలో వేశారు. వాడు తిండి మానేశాడు. చిన్న చాకుతో లోపలికెళ్లిన తండ్రి కోపంలో విసురుగా మెడ దగ్గర ఆడించాడు, నరం తెగింది. ఇది 1380 నాటి మాట, ఫ్రువాసార్ ఓర్తెజ్‌లో అడిగి తెలుసుకున్న కథ. ఏడేళ్ల తర్వాత అదే తండ్రి వేట గ్రంథంలో ఏం చెప్పించాడంటే, కుక్కలతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాననీ, తన ఇంట్లో ఏ మనిషీ అర్థం చేసుకోనంత బాగా అవి తన మాట అర్థం చేసుకుంటాయనీ. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఏ మనిషీ అన్న మాట నన్ను ఇబ్బంది పెట్టింది.

1391 ఆగస్టు 1న, ఎండ మండిపోతున్న రోజు, ఫెబ్యూస్ ఎలుగుబంటి వేట ముగించుకుని ఓ పల్లెలో భోజనానికి దిగాడు. చేతుల మీద చల్లటి నీళ్లు పోయించుకుంటూ కుప్పకూలాడు. ఆయన పుస్తకాన్ని ఆ తర్వాత యార్క్ డ్యూక్ ఎడ్వర్డ్ ఇంగ్లీషు చేశాడు. పొయ్యి, పెరడు, కుర్రాడు, గుర్రపు వెంట్రుకల తాడు అన్నీ అందులోకీ వెళ్లాయి. గడ్డి చుట్టిన గుంజలు మాత్రం ఆరు రాళ్లయ్యాయి. ఎడ్వర్డ్ 1415లో అజింకూర్ యుద్ధంలో చనిపోయాడు.

కుక్కలింట్లో చేరిన పిల్లవాడి తొలి పాఠం ఏమిటో చెప్పడం మరిచాను. కుక్కల పేర్లన్నీ కాగితం మీద రాసి వాడి చేతికిస్తారు. ఏ రంగు కుక్క పేరు ఏమిటో తడుముకోకుండా చెప్పేదాకా వాడు వల్లెవేయాలి. ఫ్రువాసార్ తెచ్చిన నాలుగు కుక్కలు ఓర్తెజ్ చేరినప్పుడు ఆ జాబితాలో ట్రిస్తాన్, హెక్తార్, బ్రన్, రోలాన్ అనే పేర్లు చేరి ఉంటాయి. పిల్లవాడి పేరు పుస్తకంలో లేదు.