కరెంటు ఖాతాకు రెండు వెలలు

మన దేశంలో వ్యాపార ఖాతాల రుసుములను పోల్చి చూసుకునే అవసరం 1999 దాకా పెద్దగా లేదు. ఏ సేవకు ఎంత తీసుకోవాలో సభ్య బ్యాంకుల తరఫున ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నిర్ణయించేది. ఆ ఏడాది సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, నిర్ణయాన్ని ఏ బ్యాంకు బోర్డుకు ఆ బోర్డుకే వదిలేసింది. వెల పెట్టుకునే స్వేచ్ఛ బ్యాంకులకు ఆ రోజే చేతికొచ్చింది. ఆ వెలలను బేరీజు వేసుకునే వీలు మాత్రం చిన్న వ్యాపారికి ఇప్పటికీ సరిగా దక్కలేదు.

హుండీల (పాతకాలపు వ్యాపార చెల్లింపు పత్రాల) కాలంలో, వాటిని సొమ్ముగా మార్చే షరాబు కోసుకునే బట్టా నూటికి ఇంత అని తేలిపోయేది. అది భారమే కావచ్చు, కానీ ఇద్దరిని అడిగితే తేడా తెలిసేది. కరెంటు ఖాతా వెల అలా ఒక్కచోట ఉండదు. ఈ ఖాతాలో సొమ్ముకు వడ్డీ లేదు. కనీస నిల్వ 25,000 రూపాయలనుకుందాం. అదే సొమ్ము 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 1,750 రూపాయలు వచ్చేవి. ఏ రేట్ల పట్టికలోనూ కనబడని ఈ నష్టమే మొదటి వెల. నిల్వ తగ్గితే జరిమానా, ఉచిత పరిమితి దాటిన నగదు జమకు రుసుము, చెక్కు వాపసుకు ఇంకొకటి, వాటి మీద 18 శాతం జీఎస్టీ: ఇవన్నీ కలిస్తే రెండోది. రోజూ నోట్ల కట్టలు జమచేసే కిరాణా కొట్టుకు చవకైన ఖాతా, ఆన్‌లైన్లోనే డబ్బు అందుకునే చిన్న సంస్థకు ఖరీదు కావచ్చు.

వ్యాపారికి లెక్కలు తెలుసు, ఆయనకు రక్షణ ఎందుకని అడగవచ్చు. నియంత్రణ చరిత్ర నడిచింది కూడా ఆ ఆలోచన వెంటే. రుసుముల సబబు తేల్చడానికి 2006లో రిజర్వ్ బ్యాంకు వేసిన బృందం వ్యక్తిగత ఖాతాదారుల ప్రాథమిక సేవలనే పట్టించుకుంది. కనీస నిల్వ జరిమానా లోటుకు తగినంతే ఉండాలన్న నియమం 2015 ఏప్రిల్‌లో పొదుపు ఖాతాలకే వచ్చింది. 2020 జనవరి నుంచి ఆన్‌లైన్ నెఫ్ట్ ఉచితమైంది కూడా పొదుపు ఖాతాదారులకే. పెద్ద కంపెనీ తన లావాదేవీల బలంతో బ్యాంకుతో బేరమాడి రుసుములు తగ్గించుకుంటుంది. వీధి చివరి కొట్టు యజమానికి ఆ బలం ఎక్కడిది? ఇద్దరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

నోట్లు లెక్కపెట్టడానికీ, భద్రపరచడానికీ బ్యాంకుకు ఖర్చవుతుందన్న మాట నిజమే. రుసుమే వద్దని నేననను. నగదు ఎక్కువగా నడిచే కొట్టుకు ఏడాదికి మొత్తం ఎంత పడుతుందో, ఆన్‌లైన్ సంస్థకు ఎంత పడుతుందో బ్యాంకులన్నీ ఒకే నమూనాలో ప్రకటించాలి. అయితే అప్పున్న చిన్న వ్యాపారికి ఒకప్పుడు అది కూడా సగం సాయమే అయ్యేది. క్యాష్ క్రెడిట్, ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్నవారికి కరెంటు ఖాతాలు తెరవడంపై 2020 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టింది. అప్పు సొమ్ము దారి మళ్లకుండా చూడడానికే ఆ ఆంక్షలు. 5 కోట్ల రూపాయల లోపు రుణాలున్నవారికి 2021 అక్టోబరులో సడలింపు వచ్చేదాకా, చవకైన ఖాతా పక్క బ్యాంకులో ఉందని తెలిసినా అలాంటి చిన్న వ్యాపారి అక్కడికి వెళ్లడం తేలిక కాలేదు.