మెట్ట మీద వెలసిన విద్యాపీఠం
ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి ఇరవై ఏళ్ళు

గోదావరి జిల్లాల విశ్వవిద్యాలయం అనగానే కొబ్బరితోటల నీడనో, ఏటిగట్టు పక్కనో ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. రాజమహేంద్రవరం నుంచి విశాఖ వైపు జాతీయ రహదారి పట్టుకుని పోతే, వరిచేలు వెనకబడి ఎర్రనేలలు మొదలైన చోట రాజానగరం వస్తుంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం అక్కడుంది. 2006లో పుట్టిన ఈ సంస్థకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు నిండాయి. కాలవలకు పేరుపడ్డ సీమలో విశ్వవిద్యాలయం మెట్ట మీద వెలసింది. దాని గతాన్నీ, దాని ముందున్న పనినీ ఈ చోటు నుంచి చూస్తేనే సరిగ్గా అందుతాయి.

నీళ్ళ వెంట వచ్చిన చదువు

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మరుసటి ఏడాదే రాజమండ్రిలో ప్రభుత్వ పాఠశాల తెరిచారు. అదే 1873లో కళాశాల అయింది. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. కందుకూరి వీరేశలింగం అక్కడ తెలుగు పండితులుగా పనిచేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం తత్వశాస్త్రం బోధించారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఊరికి వచ్చి వెళ్ళాక వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ చర్య తీసుకున్నారు. ట్రైనింగ్ కళాశాలలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యారు. ఊరికి విశ్వవిద్యాలయం రాకముందే విద్యార్థి ఉద్యమం వచ్చేసింది.

ఆ చదువు తరగతి గదులకే పరిమితం కాలేదు. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. 1898 నాటి నుంచి గౌతమీ గ్రంథాలయం పుస్తకాలనూ తాళపత్రాలనూ దాచి ఉంచుతోంది. కాకినాడలో పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆడపిల్లలకు తలుపులు తెరిచారు. తర్వాత ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

కాలవ కింద పంటలు పండి నాలుగు డబ్బులు చేతిలో ఆడాక, ఊళ్ళే కళాశాలలు కట్టుకున్నాయి. 1945లో ఏలూరులో సి.ఆర్.రెడ్డి కళాశాల, అదే ఏడాది భీమవరంలో డి.ఎన్.ఆర్. కళాశాల, 1949లో నరసాపురంలో వై.ఎన్. కళాశాల వచ్చాయి. అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కళాశాల కోనసీమ పిల్లలకు దిక్కయింది. మ్యాపు ముందు పెట్టుకుని చూడండి: ఈ పేర్లలో ఎక్కువ భాగం నీరు పారిన చోట్లే. రాజానగరం, జగ్గంపేట, గోకవరం లాంటి మెట్ట ఊళ్ళకూ, ఆపైన రంపచోడవరం ఏజెన్సీకీ కళాశాల చదువు చాలా ఆలస్యంగా చేరింది.

ఎనభై ఏళ్ళ వాయిదా

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కేంద్రం ఎక్కడ ఉండాలన్నది పెద్ద తగవు. బెజవాడ, రాజమండ్రి, విశాఖపట్నం దేని వాదన అది వినిపించాయి. మొదట బెజవాడలో నడిచి, 1930లో అది వాల్తేరుకు తరలింది. రాజమండ్రికి దక్కలేదు. రాజమండ్రిలో పాఠాలు చెప్పిన రాధాకృష్ణనే 1931లో ఆ వాల్తేరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వెళ్ళారు.

అక్కడి నుంచి డెబ్బై అయిదేళ్ళ పాటు ఉభయ గోదావరి జిల్లాల డిగ్రీ పిల్లలకు పరీక్షలూ, ఫలితాలూ, పట్టాలూ విశాఖ నుంచే. నరసాపురం కుర్రాడికి మార్కుల జాబితాలో పేరు తప్పుపడితే, దాన్ని దిద్దించుకోవడానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా రైలెక్కి వెళ్ళాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పి.జి. కేంద్రాలు తెరిచి ఆ దూరాన్ని కొంత తగ్గించింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి రెండు జిల్లాలకూ వేరుగా విశ్వవిద్యాలయం ఏర్పాటు చేసింది. రాజానగరంలో ప్రధాన ప్రాంగణం, కాకినాడ, తాడేపల్లిగూడెంలలో ప్రాంగణాలు, చుట్టూ వందలాది అనుబంధ కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. ఇంజనీరింగ్ కళాశాలల్లో అధిక భాగం 2008లో విశ్వవిద్యాలయ హోదా పొందిన కాకినాడ జె.ఎన్.టి.యు. కిందికి వెళ్ళాయి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. ఎనభై ఏళ్ళు ఒక్కటీ లేని సీమలో మూడేళ్ళలో మూడు వెలిశాయి.

రాజానగరం విశ్వవిద్యాలయానికి నన్నయ పేరు అతికినట్టు సరిపోయింది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో మహాభారతాన్ని తెలుగు చేయడానికి నన్నయ పూనుకున్నది రాజమండ్రిలోనే. ఆదిసభాపర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆయన ఆగిపోయాడు. మిగిలినదాన్ని తిక్కన, ఎఱ్ఱన నింపారు. ఆ మహాకార్యంలో నన్నయకు తోడ్పడిన నారాయణభట్టుకు రాజు నందంపూడిని అగ్రహారంగా ఇచ్చాడు. ఆ దాన శాసనాన్ని రచించినదీ నన్నయే.

చుట్టూ ఉన్న లోకం

ప్రాంగణం నుంచి ఏ దిక్కుకు పోయినా ఒక్కో బతుకుతెరువు ఎదురవుతుంది. దక్షిణాన కడియం నర్సరీలు, ఏరు దాటితే కోనసీమ కొబ్బరి, ఆత్రేయపురం పూతరేకులు. తూర్పున పెద్దాపురం, సామర్లకోటల సగ్గుబియ్యం మిల్లులు, తీరాన ఉప్పాడ జాందానీ మగ్గాలు. నైరుతిన భీమవరం చుట్టూ చేపల, రొయ్యల చెరువులు, నరసాపురం లేసు అల్లికలు. ఉత్తరాన పోడు భూములు, కొండరెడ్లు, కోయలు, పోలవరం ప్రాజెక్టు కోసం ఊళ్ళు వదిలిన నిర్వాసితులు. చుట్టుపక్కల పొలాలకు పుష్కర ఎత్తిపోతల నీరు చేరాక మెట్ట సేద్యమూ మారింది.

అనుబంధ కళాశాలల్లో చేరే పిల్లలు ఈ ఇళ్ళవాళ్ళే. రొయ్యల చెరువు కాపలాదారు కొడుకు, లేసు అల్లే అమ్మ కూతురు, ఆశ్రమ పాఠశాలలో చదివి కొండ దిగి వచ్చిన అబ్బాయి. చాలామంది ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కినవాళ్ళు వీళ్ళే మొదలు. కాబట్టి ఈ విశ్వవిద్యాలయం పేరు నిలిచేదీ పోయేదీ రాజానగరం భవనాల్లో కన్నా ఆ కళాశాలల తరగతుల్లోనే. సకాలంలో పరీక్షలు, ఖాళీ లేని అధ్యాపక పోస్టులు, పనిచేసే ప్రయోగశాల, పల్లె బస్సు వేళలకు సరిపోయే టైంటేబుల్: ఉత్సవ ప్రసంగాల్లో చోటు దొరకని ఈ విషయాలే ఆ పిల్లల తలరాతను తేలుస్తాయి.

పరిశోధనకు కూడా విషయం కోసం దూరం పోనక్కర్లేదు. చెరువుల సేద్యం వల్ల ఉప్పెక్కుతున్న నేలలు, తాగునీటి నాణ్యత, తీరపు కోత, నిర్వాసితుల కొత్త కాలనీల బతుకులు, మగ్గం మీద మిగిలిన చేతులు: ఇవన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. భాషల సంగతి మరీ ముఖ్యం. తూర్పు కనుమల గిరిజన భాషలకు లిపులు రూపొందించిన ఆచార్య ఎస్. ప్రసన్నశ్రీ 2025లో ఇక్కడ ఉపకులపతి అయ్యారు. తెలుగు కావ్యభాషకు బాట వేసిన కవి పేరు పెట్టుకున్న చోట, రాతకు నోచుకోని భాషలకూ చోటు దక్కడం సబబైన పని.

నీరు పల్లానికి దానంతట అదే పోతుంది, మెట్టకు ఎక్కించాలంటే మోటారు కావాలి. ఈ సీమలో చదువు నడిచిన తీరూ అంతే. డెల్టాకు అది తొందరగానే చేరింది, మెట్టకూ మన్యానికీ ఎవరో పూనుకుని చేర్చాలి. రజతోత్సవానికి ఇంకా ఐదేళ్ళుంది. ఆనాటి సంచికలో కొత్త భవనాల ఫొటోలకన్నా ముందు, గోకవరం నుంచీ రంపచోడవరం నుంచీ వచ్చి పి.జి. పూర్తిచేసినవాళ్ళ సంఖ్య అచ్చు వేయండి. ఈ విద్యాపీఠం పనితనాన్ని అది చెబుతుంది.