వెలుగు తునకకు రూపు దిద్దుట

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుదారిలో, ఖమ్మమునకును మధిరకును నడుమ బోనకల్ స్టేషను ఉన్నది. అచటి గేటు కడ నిలిచి బొగ్గు గూడ్సు పోవుట చూచినవారిని ఒక ప్రశ్న అడుగుదును. పరుగెత్తుచున్న బండిలో పదియవ వ్యాగనును అయిదవ చోటికి తేవలెనన్న ఎట్లు? పరుగులో అది ఎవరి తరమును కాదు. బండిని డోర్నకల్ వంటి జంక్షనుకు చేర్చి, వ్యాగనులను వేర్వేరు పట్టాల మీదికి విడదీసి, కోరిన వరుసలో మరల తగిలించవలెను. గత శతాబ్దపు చివరి పాదమున శాస్త్రజ్ఞులు కాంతి విషయమున చేసిన పని ఇట్టిదే.

1960 మే 16న అమెరికాలో మైమన్ కెంపురాతితో తొలి లేసరును వెలిగించెను. అటుపిమ్మట దాని మెరుపును పొట్టిది చేయు యత్నములు సాగినవి. సెకనును కోటి భాగములు చేసి, అందొక భాగమును మరల పది కోట్ల భాగములు చేసినచో వచ్చునది ఫెమ్టోసెకను. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవు వెలుగు, 100 ఫెమ్టోసెకన్లలో మిల్లీమీటరులో నూరవ వంతులు మూడు మాత్రమే సాగును. అది మనము వ్రాసుకొను కాగితపు మందము కన్నను తక్కువ.

ఇంత పొట్టి మెరుపుకు బలము పెంచబోగా చిక్కు వచ్చినది. శక్తి యంతయు ఒక్క తావున కూడుటచే, బలము నిచ్చు స్ఫటికమే పగిలిపోవును. 1985లో రోచెస్టరు విశ్వవిద్యాలయమున డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ దీనికి ఉపాయము కనిపెట్టిరి. పొట్టి మెరుపులో పలు రంగులు కలిసి యుండును. దానిని 1.4 కిలోమీటర్ల గాజుతీగ గుండా పంపగా ఎరుపు ముందు నడచెను, నీలము వెనుకబడెను, మెరుపు సాగెను. సాగినదానికి బలమిచ్చి, పిదప మరల దగ్గరకు ఒత్తిరి. 2018లో వారికి నోబెల్ బహుమానములో భాగము లభించినది. నేడు కంటి వైద్యులు నల్లగుడ్డు మీది పారదర్శక పొరను కోయు లేసరులలో ఈ పద్ధతి ఉన్నది.

ఇక మెరుపుకు కోరిన రూపము నిచ్చుట. అంత వేగముగా తెరచి మూయగల గేటు లోకమున లేదు. 1988లో అమెరికాలోని బెల్ కమ్యూనికేషన్స్ రీసెర్చి సంస్థకు చెందిన వైనర్, హెరిటేజ్, కిర్ష్‌నర్ మెరుపులోని రంగులను సన్నగీతల ఫలకముతో ప్రక్కప్రక్కన పరచి, ఒకదానిని తగ్గించి, మరొకదాని నడకను మార్చి, రెండవ ఫలకముతో కలిపిరి. కాలమున చేయరాని పని స్థలమున చేయబడినది. ఇదియే మన యార్డు!

స్థలమున రూపు దిద్దుట మరియొక విద్య. మామూలు కటకము వెలుగును ఒక్క బిందువున చేర్చును; శంకువు ఆకారపు గాజు దానిని సూదివలె పొడవుగా నిలుపును. 2015లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున సోమ వేణుగోపాలరావుగారి బృందము ఇట్టి సూదిమెరుపులతో ద్రవములో ముంచిన వెండిని చెక్కి, అతిసూక్ష్మమైన వెండి రేణువులను చేసినది. అట్టి వెండిపై పడిన ప్రేలుడు పదార్థపు లేశమును సైతము రామన్ ప్రభావము ద్వారా గుర్తింపవచ్చునని అచటి పరిశోధనలు చూపినవి. 1928లో రామన్ ఆ ప్రభావమును కనుగొన్న తొలినాళ్లలోనే కలకత్తాలో ఆయన కడ చేరి దానిపై కృషి చేసినవారిలో మన ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతముగారు ఒకరు.

మందుపాతరలు ప్రేలి మనుషులు మరణించిన వార్తలు భద్రాచలపు అడవి అంచున నివసించువారికి క్రొత్తవి కావు. పై సాధనము నేలలో పాతిన మందుపాతరను వెదకి చూపునది కాదు. అనుమానపు సంచికో చేతికో అంటిన లేశమును పోల్చునది. అంతమాత్రమే అయినను, ప్రేలకముందే తెలిసిన ఒక్క సంచి ఎన్ని ప్రాణములను నిలుపునో ఆ ఊళ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు.