చదరంగపు గడులలో ఇరవై అంకెల సంఖ్య

దివిసీమలోను, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాలలోను ధాన్యాన్ని కుంచాలతో కొలిచారు, బస్తాలలో తూచారు. గింజలను ఎవరూ లెక్కించలేదు. కాని గింజల లెక్క ఒకటి శతాబ్దాల క్రిందటనే తెలుగు పద్యంలో చేరింది. అదే చదరంగపు లెక్క.

చదరంగపు బల్లకు 64 గడులు. మొదటి గడిలో 1 గింజ, రెండవ దానిలో 2, మూడవ దానిలో 4, ఇట్లు రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత? 1, 2, 4 కలిపితే 7. తరువాతి గడిలోని 8 కంటె అది 1 తక్కువ. ఎన్ని గడులు కూడినా ఇదే నియమం. కనుక 64 గడుల మొత్తం, 64 రెండులను హెచ్చించగా వచ్చే లబ్ధం కంటె 1 తక్కువ. అది 1,84,46,74,40,73,70,95,51,615.

ఇది ఎంత పెద్దది? గ్రాముకు 50 వడ్లగింజలు, బస్తాకు 75 కిలోలు అనుకొంటే, సుమారు 4 లక్షల 92 వేల కోట్ల బస్తాలు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత పెరిగి, కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలయినది. ఎకరానికి 30 బస్తాల చొప్పున ఏటా ఒక పంట వేసినా, ఇంత ధాన్యానికి 1,26,000 సంవత్సరాలు కావలెను!

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ఈ మొత్తాన్ని తన గ్రంథంలో ఇచ్చాడు. తెలుగులో దీనిని చెప్పే చంపకమాల పద్యం పావులూరి మల్లన రచనగా ప్రసిద్ధం. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించిన మల్లన 11వ శతాబ్దివాడని ప్రతీతి.

పద్యంలో అంకెలు లేవు, వాటికి గుర్తులయిన మాటలు ఉన్నవి. చంద్రుడు 1, అగ్ని 3, వేదం 4, శరం 5, గిరి 7, ఆకాశం 0. అంకెలు కుడినుండి ఎడమకు నడుస్తాయి. తాటాకులపై అంకెలను ఎత్తి వ్రాసేటప్పుడు ఒకటి జారినా సంఖ్య అంతా చెడుతుంది. పద్యంలో మాట జారితే ఛందస్సు కుంటుపడి తప్పును పట్టి ఇస్తుంది. ఒక అంకెకు పలు పర్యాయపదాలు ఉండుటచేత కవికి గణాలు కుదుర్చుకొనే వీలూ కలిగింది.

గణితమే ఇచ్చే సాక్ష్యం మరొకటి ఉన్నది. సంఖ్య చివర 5 ఉన్నది గనుక 5తో భాగింపబడుతుంది. అంకెల మొత్తం 87. కనుక 3తోను భాగింపబడుతుంది. నిజానికి ఈ సంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. 17వ శతాబ్దిలో ఫెర్మా ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆరవది 641, 67,00,417ల లబ్ధమని చూపి ఆ నమ్మకాన్ని తోసివేశాడు.

విద్యార్థులు ఈ ఆరింటిని కాగితంపై హెచ్చించి చూడవచ్చును. మల్లన పద్యంలోని ఇరవై అంకెలూ ఒక్కటి తప్పకుండా వస్తాయి.