ఆకు వదిలే ఆవిరికి లెక్క రాసిన పాదిరి

చెట్టు వేరుతో నీళ్ళు తాగి, ఆకులతో ఆవిరిగా వదులుతుంది. ఈ పాఠం నేను అరవంలో ‘నీరావిప్పోక్కు’ అని చదివాను. తెలుగు పుస్తకాల్లో బాష్పోత్సేకం అంటారు. కంటికి కనపడని ఈ ఆవిరిని తూచి లెక్క కట్టిన ఒక పాదిరి సంగతి చెబుతాను.

ఆయనకు ముందు వాన్ హెల్మాంట్ అనే ఆయన తొట్టిలో విల్లో మొక్క నాటి 5 ఏళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. 5 పౌండ్ల మొక్క 169 పౌండ్లు దాటింది, మన్ను 2 ఔన్సులే తగ్గింది. నీళ్ళే చెట్టుగా మారాయని ఆయన తీర్మానించాడు. 1699లో ఇంగ్లండులో వుడ్‌వర్డ్ పుదీనాను నీళ్ళలో పెంచి తూచాడు. తాగిన నీళ్ళలో చాలా భాగం మొక్కలో నిలవకుండా గాలిలోకి పోతోందని చెప్పాడు.

దీన్ని పూటపూటకూ తూచినవాడు స్టీఫెన్ హేల్స్. లండన్ పక్కన టెడింగ్టన్ అనే ఊరి చర్చిలో పాదిరి. 1724 జులైలో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్క ఉన్న కుండీకి పలుచని సీసపు రేకు మూత వేసి, సందులన్నీ పూడ్చాడు. నీళ్ళు పోయడానికి గొట్టం పెట్టి బిరడా బిగించాడు. ఆగస్టు 8 లోపల 15 రోజులు పొద్దునా సాయంత్రమూ తూచాడు. 12 గంటల పగటికి సగటున 1 పౌండు 4 ఔన్సులు, అంటే సుమారు 570 గ్రాముల నీరు పోయింది. బాగా ఎండకాసిన రోజు 1 పౌండు 14 ఔన్సులు. రాత్రి మంచు పడితే ఏమీ తగ్గలేదు.

గూడ్సు ఆఫీసులో పనిచేసిన నాకు ఇందులో బాగా నచ్చింది ఒకటుంది. కుండీ కూడా కొంత ఆవిరి వదులుతుంది కదా? మొక్కను కోసేసి, మిగిలిన మోడును మూసి, ఒట్టి కుండీని తూచాడు. 12 గంటలకు 2 ఔన్సులు తగ్గింది. ఆ బరువు మొత్తంలోంచి తీసేశాకే పై సగటు రాశాడు. మనం సరుకు తూకంలో సంచి బరువు తీసేసినట్టే.

తరువాత ఆకులున్న కొమ్మనూ ఆకులు దూసిన కొమ్మనూ నీళ్ళలో నిలబెట్టాడు. ఆకులున్నది పగలు 15 నుంచి 30 ఔన్సుల దాకా పీల్చింది, మోడు కొమ్మ 1 ఔన్సే. నీటిని పైకి లాగేది ఆకే అని తేలింది. ఇవన్నీ 1727లో పుస్తకంగా వేశాడు. నీరు తెగిపోకుండా దారంలా ఎలా పైకి వస్తుందో 1894లో డిక్సన్, జాలీ వివరించారు.

మన మండపం వాకిట్లో వేపచెట్టు ఆకు రాలుస్తోందని, కొమ్మలు కొట్టించి సిమెంటు వేద్దామని పోయిన కూటంలో కొందరన్నారు. ఊడ్చే కష్టం నిజమే, ఖర్చు కింద రాయండి. కానీ నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. చిత్తిరై ఎండలో ఆ నీడ రేకుల పందిరికంటే చల్లగా ఉండేది అందుకే. దాన్ని జమ కింద రాయండి. రెండు పద్దులూ చూశాక గొడ్డలి సంగతి మాట్లాడుకుందాం.