థండర్ వెంట 110 రోజులు

2014 డిసెంబర్ 17. అంటార్కిటికా సముద్రంలో బాంజారే బ్యాంక్ అనే చోటు. అక్రమ వేట ఓడల కోసం గాలిస్తున్న ‘బాబ్ బార్కర్’ ఓడ రాడార్ మీద మూడు చుక్కలు కనిపించాయి. రెండు నీటివాలున మెల్లగా జరుగుతున్నాయి, అవి మంచుకొండలు. మూడోది ఎదురు వెళ్తోంది.

కెప్టెన్ పీటర్ హామర్‌స్టెట్ ఓడను అటు తిప్పించాడు. దగ్గరికి వెళ్లేసరికి మంచుతెరలో 60 మీటర్లకు పైగా పొడవున్న పాత చేపల వేట ఓడ. వెనుక భాగాన ‘థండర్, లాగోస్’ అని, నైజీరియా ఓడ అన్నట్టు, రాసి ఉంది. ఆ రాతను నమ్మి లాభం లేదు. అదే ఓడ అంతకుముందు కుకో, టైఫూన్-1, వుహాన్ ఎన్4. టోగో జెండా కట్టింది, మంగోలియా జెండా కట్టింది. తానెక్కడ ఉన్నదీ నలుగురికీ చెప్పే ఏఐఎస్ పరికరాన్ని ఆపేస్తే ఇక దొరకడం చాలా కష్టం. అందుకే పోల్చుకోవాల్సింది ఓడ కట్టుబడిని. ఇంటర్‌పోల్ 2013 డిసెంబర్‌లో ఈ ఓడ మీద ఇచ్చిన పర్పుల్ నోటీసులోని ఫొటోలను ఎదురుగా ఉన్న ఓడతో సరిచూశారు. 1969లో నార్వేలో తయారైన ఓడ, ఐఎంఓ గుర్తింపు నంబరు 6905408. రంగు, పేరు, జెండా, యజమాని ఏది మారినా ఈ నంబరు మాత్రం మారదు. వేట ఓడలన్నిటికీ దీన్ని తప్పనిసరి చేయకుండా ప్రపంచం ఎన్నేళ్లుగా జాగు చేస్తోందో తలచుకుంటే కడుపు మండుతుంది.

థండర్ పరుగందుకుంది. బాబ్ బార్కర్ వదల్లేదు.

థండర్ వదిలేసి పోయిన గిల్‌నెట్ వలలను ఎత్తే పని బాబ్ బార్కర్ తోటి ఓడ ‘సామ్ సైమన్’కు పడింది. దాని కెప్టెన్ సిద్ధార్థ్ చక్రవర్తి మన దేశస్థుడే. ఆ చలిలో మనుషులు పైకి తీసిన వల మొత్తం 72 కిలోమీటర్లు! చిక్కుకున్న టూత్‌ఫిష్ చేపల్లో చాలా కుళ్లిపోయి ఉన్నాయి. ఆ వలలను మారిషస్ దాకా మోసుకెళ్లి సాక్ష్యంగా అప్పగించారు. ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ చాకిరే.

మంచుగడ్డల మధ్య నుంచి, తుఫానుల్లోంచి, హిందూ మహాసముద్రం దాటి అట్లాంటిక్‌లోకి. దారిలోనే నైజీరియా తన రిజిస్టరు నుంచి థండర్‌ను కొట్టేసింది. ఇక దానికి ఏ దేశమూ లేదు.

2015 ఏప్రిల్ 6. గినియా సింధుశాఖలో సావో టోమే దగ్గర రేడియో మోగింది. దేన్నో ఢీకొన్నాం, మునిగిపోతున్నాం, సాయం కావాలని థండర్ నుంచి పిలుపు. ఓడలోని 40 మందీ తెప్పల్లోకి దిగారు. వాళ్లలో ఎక్కువమంది ఇండోనేషియా పేద నావికులు. అప్పటికి మళ్లీ వెంట చేరిన సామ్ సైమన్ వాళ్లందరినీ ఎక్కించుకుంది. ఈలోగా బాబ్ బార్కర్ మనుషులు ప్రాణాలకు తెగించి మునుగుతున్న ఓడలోకి ఎక్కారు. నీరు లోపలికి రాకుండా మూసి ఉంచాల్సిన తలుపులు తెరిచి, తాళ్లతో కట్టేసి ఉన్నాయి, ఎవరో కావాలనే ముంచుతున్నట్టు. ఫొటోలు తీసుకుని, సరుకు గది నుంచి ఒక చేపను పట్టుకుని బయటపడ్డారు. థండర్ మునుగుతుంటే దాని కెప్టెన్ ఆనందంతో కేకలు పెట్టాడు.

ఆ ఏడాది అక్టోబర్‌లో సావో టోమే కోర్టు కెప్టెన్‌కు, ఇద్దరు ఇంజనీర్లకు జైలు శిక్ష, కోటిన్నర యూరోలకు పైగా జరిమానా వేసింది. లాభం తిన్నవాడి దాకా చట్టం వెళ్లడానికి మాత్రం మరికొన్నేళ్లు పట్టింది. థండర్ కేసులో ఒక స్పెయిన్ వ్యాపారికి ఆ దేశ ప్రభుత్వం 82 లక్షల యూరోల జరిమానా విధించింది 2018లో.