ఇల్లటపుటల్లుడు, ఇంటి ఆడబిడ్డ



మన పావగడ వైపు కొడుకులు లేని ఇంట పెళ్లి మాటలు జరిగేటప్పుడు ఒక ప్రశ్న తప్పక వస్తుంది. "పిల్లవాడు ఇల్లటం వస్తాడా?" అని. కోస్తా వాళ్లు దీన్నే ఇల్లరికం అంటారు. కన్నడంలో మనె అళియ. రాయలసీమలోనూ, దాన్ని ఆనుకొని ఉన్న మన తాలూకాలోనూ ఇల్లటం అన్నదే వాడుక. మాట చిన్నదే. కానీ కలిగిన కుటుంబం తన భూమిని, తన కూతురిని ఎవరి చేతిలో పెట్టాలని చూసిందో ఆ మాటలో ఉంది. ఈ పూట ఆ సంగతి నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

ఇల్లటమూ దత్తతా ఒకటే అని చాలామంది అనుకుంటారు. కాదు. దత్తు పోయినవాడికి పుట్టింటి ఆస్తిలో వారసత్వం ఉండదు. ఇల్లటం పోయినవాడికి పుట్టింటి హక్కు పుట్టింట్లోనే ఉంటుంది, మామగారి ఆస్తిలోనూ కొడుకు స్థానం దొరుకుతుంది. దానికి బదులుగా అతడు ఆ ఇంట్లోనే ఉండి, మడక పట్టి, కపిల తోలి, సేద్యం చూసుకోవాలి. మామకు ఆ తర్వాత సొంత కొడుకు పుట్టినా ఇల్లటపుటల్లుడి భాగం తగ్గదు, ఇద్దరికీ సమానమే. అయితే మామ బతికుండగా నా భాగం నాకు పంచిపెట్టమనే అధికారం మాత్రం లేదు, ముందే అలా ఒప్పుకొని ఉంటే తప్ప. ఊరికే అత్తగారింట పదేళ్లు తిన్నంత మాత్రాన ఇల్లటం కాదు. స్పష్టమైన ఒప్పందం ఉండాలి.

ఇవి నేను కల్పించి చెబుతున్నవి కావు. మద్రాసు హైకోర్టు 1881లో హనుమంతమ్మ, రామిరెడ్డి వ్యాజ్యంలో ఈ ఆచారాన్ని గుర్తించింది. బళ్లారి, కర్నూలు జిల్లాల రెడ్లలో ఇది ఉందని ఆనాటి న్యాయగ్రంథాలు రాశాయి. ఇక్కడొక విషయం గమనించాలి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882లో దాన్ని బళ్లారి నుంచి విడదీశారు. అంటే ఆ బళ్లారిలో మన పొరుగున ఉన్న మడకశిర, పెనుకొండ, హిందూపురం కూడా ఉన్నాయన్నమాట. మన గట్టు దాటితే ఉన్న ఊళ్లే. 1909లో థర్‌స్టన్ దొర అచ్చువేసిన కులాల గ్రంథంలోనూ కాపుల గురించి రాసినచోట ఇల్లటం ఉంది. కమ్మవారిలోనూ ఇది ఉన్నట్టు కోర్టులు ఒప్పుకున్నాయి. ఒక ఇల్లటపు తగాదా అయితే లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్లి 1919లో తేలింది. మామాఅల్లుళ్ల తగాదా సముద్రం దాటిందంటే ఆ భూమి ఎంతటిదో మీరే ఊహించుకోండి!

ఇల్లటం వచ్చేవాడు ఎవరు? సాధారణంగా నలుగురైదుగురు అన్నదమ్ములున్న ఇంటివాడు, పంచుకుంటే తలా రెండెకరాలు కూడా రానివాడు. చాలాచోట్ల సొంత మేనల్లుడే. మేనరికం మనకు కొత్త కాదు కదా. కలవారికి పనిచేసే మగవాడు కావాలి, లేనివారికి భూమి కావాలి. ఇద్దరి అవసరమూ ఒక పెళ్లితో తీరేది. పొలంలో అతను యజమానే. ఇంట్లో మాత్రం అల్లుడూ కాదు, కొడుకూ కాదు. పండక్కి అలిగే హక్కు అల్లుడికి ఉంటుంది, ఇల్లటపుటల్లుడు అలిగి ఎక్కడికి పోతాడు? 1959లో వచ్చిన ఇల్లరికం సినిమా ఈ ఇబ్బంది మీదనే నడిచింది. అక్కినేని నాగేశ్వరరావు, జమున నటించిన ఆ చిత్రాన్ని మన పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

నాకు మాత్రం ఆ అల్లుడి అవమానం కన్నా మరొకటి పెద్దదిగా కనిపిస్తుంది. పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం, వేరుపడి ఉన్న తండ్రికి కొడుకులు లేకపోతే, తల్లి తర్వాత ఆస్తి కూతురికి వస్తుంది. అమ్ముకునే స్వేచ్ఛ పెద్దగా లేదు, బతికినంతకాలం అనుభవించే హక్కే. అదైనా ఆమెదే. ఇల్లటం తెచ్చిన ఇంట్లో ఆ హక్కు కూడా భర్త పేరుకు మారిపోయేది. పుట్టిన ఇంట్లోనే చివరిదాకా ఉన్న మనిషి ఆమె. ఎక్కడినుంచో వచ్చినవాడు హక్కుదారుడయ్యాడు, ఆమె అతని భార్య అయింది. ఇది అతని తప్పని అనను. ఒప్పందం రాసుకున్నది మామ, వియ్యంకుడు. ఆమెను అడిగినవారు ఎవరు?

ఇక సరిహద్దు సంగతికి వద్దాం. 1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి అప్పగించాక అటువైపు మద్రాసు పాలన వచ్చింది. మన పావగడ మైసూరు రాజ్యంలో ఉంది. అటు కరణం, ఇటు శానుభోగు. అటు తహశీల్దారు, ఇటు అమల్దారు. భాష ఒకటే, కులం ఒకటే, పిల్లనిచ్చి పుచ్చుకోవడమూ ఎప్పటిలాగే. కానీ కూతురికి ఏం వస్తుందన్నది ఆ భూమి గట్టుకు ఏవైపున ఉందో దాన్నిబట్టి మారిపోయింది.

1933లో, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో, మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉండగా, మైసూరు ప్రభుత్వం హిందూ స్త్రీల హక్కుల చట్టం చేసింది. తండ్రీకొడుకులు ఆస్తి పంచుకునేటప్పుడు పెళ్లికాని కూతుళ్లకు కూడా భాగం ఇవ్వాలంది. అన్నదమ్ములతో సమానం కాదు, అయినా భాగమే. అదే సమయంలో మడకశిర పిల్లకు దక్కేది పోషణ, పెళ్లిఖర్చు, అంతే. బ్రిటిషు ఇండియాలో 1937లో ఒక చట్టం వచ్చినా అది వితంతువుల కోసం, కూతుళ్ల కోసం కాదు. అంటే 1956 దాకా పావగడ పిల్ల ఒక మెట్టు పైన ఉంది. మైసూరు చట్టంలోనూ ఒక చిక్కు లేకపోలేదు. పెళ్లికాని కూతురికే భాగం. చిన్నతనంలోనే పెళ్లిళ్లు చేసేసే రోజుల్లో, పంపకాలనాటికి పెళ్లికాకుండా ఇంట్లో ఉన్న ఆడపిల్ల ఎంతమందికి ఉంది?

1956 హిందూ వారసత్వ చట్టం గట్టుకు రెండువైపులా ఒకే న్యాయం తెచ్చింది. తండ్రి సొంత ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ భాగం వచ్చింది. ఆ చట్టంలోని వారసుల పట్టికలో ఇల్లటపుటల్లుడు లేడు. అతనికి ఇవ్వాలంటే వీలునామానో, దానపత్రమో రాయాలి. అయితే పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే మిగిలింది. దాన్ని మార్చడంలో ఈసారి ఆంధ్ర ముందు నడిచింది. అక్కడ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ ఆ హక్కు వచ్చింది. మన కర్ణాటకలో 1994 జూలై 30 నుంచి. ఆ మధ్య తొమ్మిదేళ్లూ మడకశిర పిల్ల పైన, పావగడ పిల్ల కింద. రెండుచోట్లా అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేశారు. 2005లో కేంద్రం ఆ తేడా తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న పేచీని సుప్రీంకోర్టు 2020లో, అక్కర్లేదని చెప్పి తేల్చింది.

నేను రెండు భాషలూ చదువుతాను గనక పాతకాగితాలు చదివిపెట్టమని ఊళ్లవాళ్లు తెస్తుంటారు. ఆమధ్య ఒకామె తన తాతగారి ఇల్లటపు ఒప్పందం తెచ్చింది. 1933కు ముందుది. తెలుగు రాత, మధ్యమధ్య కందాయం లెక్కలు కన్నడంలో. మామ పేరు, అల్లుడి పేరు, అల్లుడి తండ్రి పేరు ఉన్నాయి. పొలం నాలుగు హద్దులూ, బావీ, రెండు జతల ఎద్దులూ, ఎద్దుల రంగులతో సహా ఉన్నాయి.

"మా అవ్వ పేరు యాడుంది సార్?" అని అడిగింది.

మళ్లీ మొదటినుంచి చదివాను. 'నా జ్యేష్ఠ కుమార్తె' అని ఒకచోట ఉంది. పేరు లేదు.

ఆమెకూ ఇల్లటపు పెళ్లే. అమ్మానాన్నలు ఇద్దరూ పోయారు, అన్నదమ్ములు లేరు, ఇద్దరు చెల్లెళ్లు. వీలునామా ఏదీ లేదు. తాత కాలం పద్ధతిలోనే పొలం నీ మొగుడి పేర ఎక్కించు అని పెద్దమనుషులు ఆ కాగితం చూపించమన్నారట. భర్త ఏమంటాడని అడిగాను. "ఆయన ఏమనడు సార్, నీ ఇష్టం అంటాడు. ముప్పై ఏండ్లు సేద్యం చేసినాడు, ఆయన కష్టం కూడా ఉంది కదా" అంది. కాసేపు ఊరుకుంది. తర్వాత చెల్లెళ్ల పేర్లు చెప్పి రాసుకోమంది. భర్తకు ఏం ఇవ్వాలో తన భాగంలోనుంచి తానే రాసిస్తుందట.

పహణీలో ముగ్గురి పేర్లూ ఎక్కించమని నాడకచేరికి అర్జీ కన్నడంలో రాసిపెట్టాను. చదివి వినిపించమంది. ఆమె పేరు మొదట ఉంది, తర్వాత ఇద్దరు చెల్లెళ్ల పేర్లు. విని, పాత కాగితాన్ని మళ్లీ అదే మడతల్లో మడిచి సంచిలో పెట్టుకొని, బస్సు టైమయిందని లేచింది.